మా ఇంట్లో రోగంతో పోయినవాళ్లు

మా ఇంట్లో పెద్దలు తరచూ అనే మాట ఒకటుండేది. "మన ఇంట మంచాన పడి పోయిన మగోడు లేడు." గొప్పగా చెప్పుకునే మాటే అది. మా జేజినాయనను శనగ చేలో కొడవళ్లతో నరికారు. మా చిన్నాయన జీపు మీద బాంబులు పడి పోయాడు. మా నాయనను నేను డిగ్రీ చదివే రోజుల్లో జమ్మలమడుగు బస్టాండు బయట చంపారు. ఆ రోజు ఆయన వెంట మనుషులు లేరు. ఎవరికీ వెరవకుండా ఒంటరిగా పోయినాడని ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు.

ఆ తర్వాత కేసులకూ, సాక్షులకూ, ఎన్నికలకూ పొలం కరిగిపోయింది. ఊళ్లో మేడ కప్పు కూలితే మళ్లీ వేయించలేదు. భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని ప్రొద్దుటూరుకు, బట్టల అంగళ్ల వెనక సందులో అద్దె ఇంటికి వచ్చేశాను. అన్నీ పోయినా ఆ మాట మాత్రం మాతోనే వచ్చింది. బజారులో వీపు వంచకుండా నడవడానికి నాకది చాలు.

నలభై నాలుగో ఏట నాకు విరేచనంలో నెత్తురు పడుతోందని బయటపడింది.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను. మా ఊళ్ల సంగతి తెలియనివాళ్లకు ఇది వింతగా తోస్తుంది. పార్టీలున్న ఊళ్లలో ఒక మగవాణ్ణి చంపాలనుకున్నవాళ్లు ముందుగా కనిపెట్టేది, అతను చెంబు పట్టుకుని ఏ దిక్కుకు పోతాడన్నదే. గొంతుకూర్చున్నవాడు లేచి పరుగెత్తలేడు. అందుకని మాకు చిన్నప్పటి నుంచి నేర్పిన పద్ధతి వేరు. వెలుగు రాకముందే, రోజుకొక దిక్కుకు, ఇద్దరు మనుషులతో పోవాలి. వాళ్లు మనకు వీపు పెట్టి కంపచెట్ల వైపు చూస్తూ నిలబడతారు. గబగబా ముగించి, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. ప్రొద్దుటూరు ఇంట్లో తలుపున్న మరుగుదొడ్డి ఉన్నా నా ఒంటికి ఆ తొందర పోలేదు. లైటు వేసే అలవాటే కాలేదు. నీళ్లు కుమ్మరించి బయటపడటం, అంతే. ఆ లెక్కన ఒక ఏడాదిగా పడుతూ ఉండి ఉండొచ్చు, రెండేళ్లయినా కావొచ్చు.

చూసింది నా భార్య, ఉతికే బట్టల్లో.

"ఇదేంది? నెత్తురు గదా ఇది?"

"మొలలు లే."

"మొలలకు మనిషి ఇట్ల చిక్కిపోతాడా? అద్దంలో మొగం చూసుకున్యావా?"

"చెప్తాండా గదా మొలలని. మిరపకాయ తగ్గించు."

"నేను మిరపకాయ తగ్గిస్తా. నువ్వు బిగుసుకునేది తగ్గించు."

ఖాజీపేట అవతలి నుంచి ఎవరో తెచ్చిచ్చిన ఆకుపసరు కొన్నాళ్లు తాగాను. తగ్గినట్టే ఉండేది, మళ్లీ పడేది. పంచె ఎంత బిగించి కట్టినా నడుము మీద నిలవడం మానేసింది. ఒకరోజు మార్కెట్లో కళ్లు తిరిగి బియ్యం మూటల మీద కూర్చుండిపోతే అంగడివాళ్లు పరుగెత్తుకొచ్చి నీళ్లిచ్చారు. నలుగురిలో అట్లా కూర్చోవడం నాకు చావుతో సమానం. అందుకే మరుసటి రోజు డాక్టరు దగ్గరికి పోయాను. ప్రొద్దుటూరు డాక్టరు చేత్తో పరీక్ష చేసి, చేతి తొడుగు తీసేస్తూ నా ముఖం వైపు చూడకుండా అన్నాడు, "జమ్మలమడుగు పోండి. ఆలస్యం చేయొద్దు."

జమ్మలమడుగులో పేగుల ఆపరేషన్లు చేసే ఒక లేడీ డాక్టరు ఉండేది. రాజుపాలెం దగ్గరి పల్లెలో బడి నడిపిన క్రైస్తవ పంతులుగారి కూతురు. గోడ వైపు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకోమంది. ఆడమనిషి పరీక్ష చేయడం ఒక సిగ్గు. దాన్ని మించి, తలుపుకు వీపు పెట్టి పడుకోవడం నాకు అదే మొదటిసారి. గొట్టం లోపలికి పోతున్నప్పుడు నాకు నొప్పి కన్నా తలుపు చప్పుడే ఎక్కువ వినిపించింది. చప్పుడైన ప్రతిసారీ నర్సు, "ఎవ్వరూ రాల్యా సామీ, గాలికి" అంటూ ఉండింది.

ముక్క తీసి పరీక్షకు పంపారు. కర్నూలు పోయి స్కానింగు తీయించుకొచ్చాను. అన్నీ చేతికొచ్చాక డాక్టరమ్మ నన్నూ నా భార్యనూ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"క్యాన్సరే. పెద్దపేగులో గడ్డ."

నా భార్య నా మోచేయి పట్టుకుంది. నేను చేయి లాక్కోలేదు.

"ఎంతదూరం పోయిందన్నదే ఇప్పుడు మనకు తెలియాల్సింది," అంటూ ఆమె తెల్లకాగితం మీద ఒక గొట్టం గీసింది. "ఇది పేగు. గోడకు పొరలుంటాయి. గడ్డ లోపలి పొరల్లోనే ఉంటే ఒకటో స్టేజి. గోడ దాటుకుని పోతే రెండు. పక్కన చిన్న చిన్న గ్రంథులుంటాయి, వాటిలోకి దూరితే మూడు. కాలేయానికో ఊపిరితిత్తులకో పోతే నాలుగు. మీ స్కానింగులో కాలేయం బాగానే కనిపిస్తా ఉంది. గ్రంథుల సంగతి మాత్రం, కోసి తీసి పరీక్షకు పంపితేగానీ చెప్పలేను."

"ఎంతమంది బతుకుతారు?"

"ఒకటో స్టేజిలో ఎక్కువమంది. నాలుగులో తక్కువమంది. నడిమధ్య ఉన్నవాళ్లకు నేను మాట ఇవ్వలేను. అయిదేళ్లు దాటితే మాకు ధైర్యం వస్తుంది."

మా వైపు మనిషికి శత్రువు ఏ ఊళ్లో ఉన్నాడో, ఎంతమందితో ఉన్నాడో తెలిస్తే సగం భయం పోతుంది. ఇది నా కడుపులోనే కూర్చుని ఉంది, ఎంతమందితో ఉందో తెలియదు.

అప్పుడామె పెన్ను మళ్లీ తీసుకుని అడిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా?"

"లేదు. మా ఇంట మంచాన పడి పోయినోడు లేడు." ఆ గదిలో కూడా నా వీపు నిటారుగా లేచింది.

"మీ నాయన ఎట్లా పోయారు?"

"చంపినారు."

"ఎంత వయసులో?"

"నలభై రెండు."

"జేజినాయన?"

"ఆయన్నూ చంపినారు. నలభై కూడా లేవు. మా చిన్నాయనకైతే ముప్పై ఒకటి."

ఆమె ఏమీ రాయలేదు. పెన్ను కింద పెట్టింది. "అంటే మీ వయసు దాకా వచ్చిన మగవాళ్లే మీ ఇంట్లో లేరు. వాళ్లకు ఈ జబ్బు వచ్చేదో లేదో మనకు తెలిసే దారి లేదు. ఆడవాళ్లు?"

"ఆడోళ్లకేముంది," అన్నాను. మా జేజి ఏ రోగంతో పోయిందో నాకు తెలియదు. మా పెద్దత్త ఎట్లా పోయిందో తెలియదు. జేజినాయన మీద ఎన్ని వేట్లు పడ్డాయో, ఏ వేటు ఎవరు వేశారో, కేసులో ముద్దాయిలు ఎవరో పదేళ్లప్పుడే ఒప్పజెప్పేవాణ్ణి. జేజి గురించి ఒక్క ముక్క రాదు.

"కనుక్కోండి," అంది ఆమె. "ఆపరేషనుకు ముందే కావాలి. ఇది మీ ఇంట్లో పారుతూ వచ్చే జబ్బయితే పేగు ఇంకా ఎక్కువ తీయాల్సి ఉంటుంది. ఉత్త గడ్డ తీసి వదిలితే ఇంకోచోట పుడుతుంది. మీకు పిల్లలున్నారా?"

"ఒక కూతురు. డిగ్రీ చదువుతోంది," అంది నా భార్య.

చెప్పగలిగిన మనిషి ఒక్కరే మిగిలి ఉన్నారు. మా నాయన చెల్లెలు, మా చిన్నత్త. పులివెందులలో కొడుకు దగ్గర ఉంటుంది. వాళ్లు ఎన్నికల్లో మా ఎదుటి పార్టీ వైపు పోయిన నాటి నుంచి మా రెండు ఇళ్లకూ రాకపోకల్లేవు. మాటలు లేకపోవడం అంటే మా వైపు మాటలు లేకపోవడమే కాదు. ఆ ఇంటి నీళ్లు ముట్టకూడదు, ఆ ఇంటి చావుకు పోకూడదు. మా నాయన దినాలకు ఆమె వస్తే మావాళ్లు గడప బయటే నిలబెట్టారు.

పోనని రెండు రోజులు మొండికేశాను. మూడో రోజు నా కూతురు చెప్పులేసుకుని నిలబడింది. "నాయనా, నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోతా. జేజికి నేనెవరో చెప్పుకుంటాలే."

బస్సులో పోయాము. దారి పొడవునా నేను ఎక్కేవాళ్లనూ దిగేవాళ్లనూ చూస్తూ కూర్చున్నాను. పాత భయమూ కొత్త భయమూ ఒకే చోట, బొడ్డు కింద, ఒకదానినొకటి తోసుకుంటూ ఉన్నాయి.

అత్త ఇంటి ముందు పార్టీ జెండా కట్టిన జీపు ఆగి ఉంది. ఆమె కొడుకు, నాకు వరసకు బామ్మర్ది, వాకిట్లోనే కనిపించాడు.

"ఏం బావా, దోవ తప్పినావా? ఓట్లడగను వచ్చినావా? మీ పార్టీకి ఈడ డిపాజిట్టు గూడ రాదబ్బా."

నేను నోరు తెరవకముందే లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది. "నోరు మూసుకోరా. ఎట్ల చిక్కినాడో చూడు ముందు. కండ్లు యాడ పెట్టుకున్యావు?"

చేటలో శనక్కాయలు ఒలుస్తూ ఉంది. లేవలేదు. చెంబుతో నీళ్లు తెప్పించింది. "తాగు. తాగినాంకనే మాట." నా కూతురు అప్పటికే తాగేసింది. నేను చెంబు పట్టుకుని ఒక్క క్షణం ఆగాను. తర్వాత తాగాను.

"అత్తా, జేజి ఎట్ల పోయింది?"

ఆమె చేతిలో కాయ చిట్లింది.

"ఇన్నేండ్లకు అడగను వచ్చినావా? మీ ఇంట్లో ఆ మాట అడిగినోడు నువ్వే మొదలు."

"అత్తా..."

"నెత్తురు పడేది నాయనా. మూడేండ్లు పడింది. గుడ్డలు తనే ఉతుక్కునేది, కోడండ్లను గూడ ముట్టనీలే. చివరాకరికి కడుపులో ఈడ," చేత్తో తన కుడి పక్క తాకి చూపింది, "సంగటి ముద్ద మాదిరి గడ్డ తగిలేది. పోయిన దినం మగోళ్లకు ఏదో కేసు కొట్టేసినారు. ఊళ్లో టపాకాయలు. పాడె లేపేటప్పుడు గూడ కేసు మాటలే."

"పెద్దత్త?"

"దానికీ కడుపే. ముప్పై ఎనిమిదేండ్లు. దాన్ని ఇచ్చినోళ్ల ఊరికి అప్పుడు మనోళ్లు పోలేకుండిరి. ఎదుటోళ్లు దావల్లో కాపు కాసినారని. సచ్చినాంక వారానికి తెలిసింది."

నా కూతురు మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుంది. అత్త దాని వైపు చూసి, మళ్లీ నా వైపు తిరిగి, గొంతు తగ్గించింది.

"మీ నాయనకూ పడేది."

"ఏమంటాండావు అత్తా?"

"మాటల్లేకున్యా దొంగతనంగా వచ్చి నాకొక్కదానికే చెప్పినాడు. సిగ్గంట. ఆయన్ను చూపించను పంపింది నేనే. జమ్మలమడుగు ఆసుపత్రికి. మనుషుల్ని వెంటబెట్టుకుని పోరా అంటే, ఇట్లాంటి పరీక్షకు వాళ్లను ఎట్ల తీసుకపోతా, ఊరంతా నవ్వుతారు అన్యాడు. కోర్టు వాయిదా ఉందని చెప్పి అందర్నీ ఊళ్లోనే నిలబెట్టి, ఒక్కడే బస్సెక్కినాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "భయం లేకుండా పోయినాడని మీరంతా చెప్పుకుంటాంటిరి. ఆయన భయపడే పోయినాడు నాయనా."

బామ్మర్ది గడపలో నిలబడి అంతా విన్నాడు. వెక్కిరింత పోయింది ముఖంలో. "అమ్మా, మరి నీకు?" అన్నాడు.

"నన్ను వదిలేసింది లే. ఎందుకు వదిలేసిందో దానికే తెలియల్ల."

వెనక్కి వచ్చేటప్పుడు జీపులో బస్టాండు దాకా దించుతానన్నాడు. జెండా కట్టిన ఆ జీపులో నేను కూర్చోలేను. అదొక్కటీ నా వల్ల కాలేదు. ఎండలో నడిచే పోయాము.

విన్నదంతా డాక్టరమ్మకు చెప్పాను. ఆమె కాగితం మీద గుండ్రాలు గీసింది. జేజి, పెద్దత్త, మా నాయన, నేను. కింద ఇంకొక గుండ్రం గీసి అందులో ఏమీ రాయలేదు. "మీ నాయన బతికి ఉంటే ఇక్కడికే వచ్చి ఉండేవారు," అంది. "పేగు చాలా భాగం తీస్తాను. ఒప్పుకుంటారా?"

ఒప్పుకున్నాను.

వార్డులో నా పక్క మంచం మీద ప్రొద్దుటూరు బంగారు అంగడి శెట్టిగారు ఉన్నారు. ఆయనదీ పేగే. కడుపు తెరిచి చూసి మూసేశారు. అది ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసన్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలియదు. కేసుల ఊళ్లనుంచి వచ్చినవాణ్ణని నన్ను ఆటపట్టించేవాడు.

"రెడ్డా, మీ కేసుల్లో ఏ-వన్ అంటే పెద్ద ముద్దాయి గదా? ఏ-ఫోర్‌కు బెయిలొస్తుంది. ఈడంతా ఉల్టా. నేను ఏ-ఫోర్. బెయిలు లేదు."

"ఊరుకో శెట్టీ."

"నువ్వెన్నో?"

"ఇంగా తెలీదు."

"తెలీకముందే బాగుంటాది లే. ఆ నాలుగు దినాలూ సుఖంగా తిను."

సుఖంగా తినడానికి నా ముక్కులో గొట్టం ఉంది. రిపోర్టు కోసం ఎదురుచూసిన ఆ రోజులు నేను మనిషిగా లేను. కుట్ల నొప్పి ఒక లెక్క కాదు. వరండాలో డాక్టరమ్మ చెప్పుల చప్పుడు వినిపిస్తే తల తలుపు వైపు తిప్పేవాణ్ణి. ఆ చప్పుడు వేరే మంచం వైపు పోతే బతికానని అనుకునేవాణ్ణి. మరో నిమిషానికి, నాకే చెప్పకుండా దాచిపెడుతున్నారని అనుకునేవాణ్ణి. శెట్టిగారిని ఇంటికి తీసుకుపోయేటప్పుడు ఆయన నా కాలి బొటనవేలు పట్టుకుని ఊపి పోయాడు.

మూడు. ఆ మాట డాక్టరమ్మ నిలబడే చెప్పింది. గ్రంథుల్లోకి పోయింది, కాలేయానికి పోలేదు. మందు ఎక్కించాలి, నెలల తరబడి. "నడిమధ్య," అన్నాను నేను. "అవును," అంది ఆమె. ధైర్యం చెప్పలేదు. అందుకు ఆమె మీద నాకు కోపం రాలేదు. అబద్ధపు ధైర్యం మా ఇంట్లో ఎక్కువగానే చూశాను.

"పాప సంగతి ఆలోచించారా?" అని అడిగింది. "వచ్చే అవకాశం బొమ్మా బొరుసూ లెక్క. వస్తే ముందుగా చిన్న బుడిపెలాగా మొదలవుతుంది. అప్పుడే తీసేస్తే క్యాన్సరు దాకా పోదు."

ఆ మాటతో నా మూడో స్టేజి నాకు చిన్నదైపోయింది. మందు ఎక్కే చేతి నరం మండుతున్నా, నోరంతా పూసినా, కళ్లు మూస్తే కనిపించేది ఆ ఖాళీ గుండ్రమే.

నా భార్య ఒప్పుకోలేదు. "పెండ్లి గావాల్సిన పిల్ల. ఆ పరీక్షకు పోయిందని తెలిస్తే ఎవురన్నా గడప తొక్కుతారా? దానికేం రోగం? బండ మాదిరి ఉండాది."

"నేనూ బండ మాదిరే ఉంటి," అన్నాను.

కూతురు అన్నం తింటూ ఉంది. తల ఎత్తకుండానే అంది, "అమ్మా, జేజమ్మ సంగతి ఎవరూ అడగల్యా. పెద్దజేజి సంగతీ అడగల్యా. నా సంగతి గూడ నేను పోయినాంక అడుగుతారా?"

నా భార్య కంచం ముందు నుంచి లేచిపోయింది. కాసేపటికి వచ్చి, "ఎప్పుడు పోవల్ల?" అంది.

అప్పటికి ప్రొద్దుటూరులోనే ఒక డాక్టరు ఆ గొట్టం పరీక్ష చేసే మిషను పెట్టాడు. ముందు రోజంతా నా కూతురికి అన్నం లేదు, ఉప్పు మందు తాగించి కడుపు శుభ్రం చేశారు. గది ముందు అది గాజులు తీసి నా చేతిలో పెట్టింది. "నొప్పి పెడుతుందా నాయనా?"

"నొప్పికేం లే, మత్తిస్తారు."

"మరి గాజులు అంత గట్టిగా పట్టుకున్యావేంది?"

తలుపు వేశారు. నా భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. నేను కూర్చోలేకపోయాను. ఆ వరండాలో మనుషులు తిరుగుతున్నారు, స్ట్రెచరు చక్రాలు కీచుమంటున్నాయి. నా వెనక ఎవరు వచ్చారో, ఎవరు పోయారో నాకు తెలియదు. ఆ తలుపు వైపే ముఖం పెట్టి నిలబడ్డాను. లోపల నిశ్శబ్దం ఎక్కువసేపు ఉంటే, ఏదో దొరికిందేమో, అందుకే ఆలస్యం అనిపించేది. డాక్టరు మాట వినిపిస్తే, నర్సుకు దాన్ని చూపిస్తున్నాడేమో అనిపించేది. మా నాయన ఆ రోజు బస్సు దిగేటప్పుడు ఇట్లాగే ఉండి ఉంటాడు.

డాక్టరు బయటికొచ్చి మాస్కు దించుకున్నాడు. "ఒక బుడిపె ఉండింది. చిన్నదే. మొత్తంగా తీసేశాను. పరీక్షకు పంపుతాము. ఇకమీదట ఏటా రావాలి."

"ఏటా అంటే?"

"బతికినన్నాళ్లూ."

ఆ అయిదేళ్లు దాటాక డాక్టరమ్మ నాకు ధైర్యం చెప్పింది. పిల్ల విషయంలో మాత్రం అట్లాంటి గడువు ఏదీ ఎవరూ చెప్పలేదు. ఆ మొదటి బుడిపె మంచిదేనని రిపోర్టు వచ్చింది. తర్వాతి ఏడాది ఏమీ లేదన్నారు. ఆ పై ఏడాది రెండు తీశారు. ఇప్పుడు దానికి పెళ్లయింది. ఈ సంగతంతా చెప్పే చేశాము. మొదటి సంబంధం వాళ్లు వెనక్కి పోయారు, రెండోవాళ్లు నిలబడ్డారు. పరీక్షకు మాత్రం ఇప్పటికీ నేనే వెంట పోతాను.

ఆ మొదటి రోజు మత్తు దిగాక దానికి ఆకలేసింది. ఆసుపత్రి ఎదుటి హోటల్లో దోసె తెప్పించాను. అది కారం అద్దుకుని తింటూ కాలేజీ సంగతులేవో చెబుతోంది, వాళ్లమ్మ నవ్వుతోంది. నాకు ఒక్క మాటా ఎక్కలేదు. దాని ఎడమచేయి కడుపు మీదికి పోతుందేమోనని ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను.